చిన్నపగలు గది

పదకొండో బోను మూత తీయకముందే గింజలక్కకు వాసన తెలిసిపోయింది. విరగబోతున్న పాల వాసన, దాని కింద తడిసిన రంపపుపొట్టు వాసన. తలకు కట్టుకున్న ఎర్రలైటును కొంచెం కిందికి వంచి, గూడు మీది కాగితం పీలికలను చూపుడువేలితో పక్కకు జరిపింది. చిక్కుడుగింజలంతటి పిల్లలు, ఒంటి మీద నూగు కూడా లేనివి, ఒకదాని మీద ఒకటి పడి కదులుతున్నాయి. లెక్కపెట్టింది. ఏడు. తల్లి పళ్లు కటకటలాడిస్తూ ఆమె వేలి మీదికి వచ్చింది.

"నీ పిల్లల్ని నేనేం చేసుకుంటానే, తిక్కదానా?" అంది గింజలక్క. పీలికలు మళ్లీ సర్ది, మూత పెట్టి, బోను ముందే చతికిలపడింది.

పక్క గదిలో అయితే ఇది సంతోషించాల్సిన సంగతి. ఈ గదిలో పిల్లలు పుట్టకూడదు.

ఆ పరిశోధనాలయం కింది అంతస్తులో తోక కురచ ఎలుకల్లాంటి హామ్‌స్టర్లకు రెండు గదులున్నాయి. తెల్లకోట్లవాళ్లు వాటికి ఏవో నోరు తిరగని పేర్లు పెట్టుకున్నారు గానీ, చివరికి జీవాలకు గింజలు వేసే గింజలక్క పెట్టిన పేర్లే అందరి నోళ్లలోనూ మిగిలాయి. పెద్దపగలు గదిలో రోజుకు పదహారు గంటలు దీపాలు వెలుగుతాయి. అక్కడి జంటలు తింటాయి, బలుస్తాయి, కంటాయి, బాలింత ఒళ్లు ఆరకముందే మళ్లీ కంటాయి. చిన్నపగలు గదిలో వెలుతురు ఎనిమిది గంటలే. పగలు పొట్టిదైపోతే ఈ జీవాల ఒళ్లు చలికాలం వచ్చిందనుకుంటుంది. మగవాటి వృషణాలు ముడుచుకుపోతాయి, ఆడవి ఎదకు రావడం మానేస్తాయి. గిన్నె నిండా గింజలున్నా సరే, తిండి తగ్గించేసి మూడోవంతు బరువు దించేసుకుంటాయి. పద్నాలుగు వారాలకు బూడిదరంగు బొచ్చు రాలిపోయి తెల్లబొచ్చు వస్తుంది. ఇదంతా తెలియని మొదటి ఏడాది గింజలక్క వాటికి జబ్బు చేసిందనుకుని తన అన్నంలోంచి మెతుకులు తెచ్చి పెట్టింది, అవి వాసన చూసి వదిలేశాయి.

ఈ గది దీపాలు సాయంత్రం ఆరుకు వెలిగి, రాత్రి రెండింటికి ఆరిపోతాయి. ఆ సంగతి గోడకున్న గడియారపు పెట్టె చూసుకుంటుంది. కాబట్టి మనుషులు పనికొచ్చే వేళకు లోపల చిమ్మచీకటి, పొద్దున్న పదింటికి సరిగ్గా నడిరాత్రి. తెల్లవెలుతురు చుక్క కూడా పడకూడదు. తలకు కట్టుకునే ఎర్రలైటు ఒక్కటే గతి, ఆ మందపు ఎరుపు వాటి కంటికి ఆనదు. మన కంటికి ఆనినా ఒరిగేదేమీ లేదు, రంగులన్నీ చచ్చిపోతాయి. నీలం గౌను మసిగుడ్డలా నల్లగా కనిపిస్తుంది, పసుపు డబ్బా తెల్లగా కనిపిస్తుంది. రెండు తలుపుల మధ్య ఎర్రబల్బు కింద మేజోళ్లు మార్చుకుని, ఒక కాలికి నీలం, ఒక కాలికి నలుపు తొడుక్కుని గింజలక్క ఇంటికి పోయిన రోజులున్నాయి.

పిల్లలు పుట్టిన కబురు దాచిపెడితే దాగేది కాదు. ఆమె లేచి బయటికి వెళ్లి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

డాక్టరమ్మ ఇంకా డాక్టరు కాలేదు. అయ్యేదాకా ఆగడం ఎందుకులే అని అందరూ ముందే ఆ పిలుపు ఖాయం చేశారు. ఈ రెండు గదుల్లోని జీవాల మీదే ఆ పిల్ల పుస్తకం రాయాలి, అప్పుడు డాక్టరు అవుతుంది. పద్నాలుగు వారాల కిందట, పని మొదలైన రోజు, గింజలక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. "గుర్తుపెట్టుకోండి అక్కా. చీకటి నడిమధ్యలో ఒక్క నిమిషం వెలుతురు పడినా చాలు, అది పెద్దపగలే అని వాటి ఒళ్లు మోసపోతుంది. ఒక్కరోజు కాదు, అలా రోజూ పడితే నా పనంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఇప్పుడు ఆ పిల్ల పదకొండో బోను ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత పన్నెండో బోను తీసింది. అక్కడి ఆడదాని పొట్ట కిందికి జారి ఉంది. పదమూడులో మగదాన్ని వెల్లకిలా పట్టుకుని చూసింది. అది నిండు వేసవిలో ఉన్న మగహామ్‌స్టర్.

"లైటు ఎన్నిసార్లు వేశావు?" అంది, తల తిప్పకుండానే.

పద్నాలుగు వారాలు 'మీరు' అన్న నోరు. ఒక్క గుక్కలో 'నువ్వు'కు దిగింది. గింజలక్కకు ముందు తగిలింది ఆ 'నువ్వు', ప్రశ్న తర్వాత తగిలింది.

"ఏ లైటమ్మా?"

"ఫోన్ లైటో, గది లైటో. నాకు కథలు చెప్పొద్దు."

"ఫోను బయట సొరుగులో పెట్టి వస్తాను. ఆ సొరుగు మీరే పెట్టించారు."

"ఎందుకు పెట్టించానో తెలుసా? ఇంతకుముందు నేను చేసిన చోట కూడా నీలాంటి ఆవిడే ఒకామె ఉండేది. లైటు వేసుకుని కునుకు తీసేది. రెండేళ్లు పోయాయి నాకు. అందుకే పెట్టించాను."

"ఆవిడ వేరు, నేను వేరు."

"అందరూ అదే చెబుతారు," అని డాక్టరమ్మ లేచి మోకాళ్లకంటిన పొట్టు దులుపుకుంది. ఆ పొట్టు గింజలక్క చెప్పుల మీద పడింది. కావాలని దులిపిందో, చూసుకోలేదో, గింజలక్క మాత్రం కావాలనే అనుకుంది.

మంగళవారం బరువులు తూచారు.

తూచడం గింజలక్క పని. అరచెయ్యి దొప్పలా చేసి జీవి పొట్ట కింద పెట్టి, రెండో చెయ్యి పైన మూతలా పెట్టి ఎత్తుతుంది. పట్టుకున్నట్టే ఉండదు, అదే వచ్చి చేతిలో కూర్చున్నట్టుంటుంది. స్టీలు మగ్గులో దించగానే ఆ జీవి ఒక చుట్టు తిరుగుతుంది, ఆగుతుంది, ఆ ఆగిన క్షణాన అంకె చదవాలి. తెల్లకోట్లవాళ్లలో ఎవరికీ ఆ క్షణం దొరకదు. వాళ్లు పడితే కరుస్తాయి, లేదంటే మగ్గులోనే ఉచ్చ పోస్తాయి.

"నలభై మూడు," అంది గింజలక్క. "నలభై ఒకటి. నలభై నాలుగున్నర."

వెనక నిలబడి రాసుకుంటున్న డాక్టరమ్మ పెన్సిలు ప్రతి అంకెకూ గట్టిగా గీరుకుంటోంది. ఉండాల్సింది ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది గ్రాములు. ఎర్రవెలుతురులో కూడా ఆ వీపులు ముదురుగానే ఉన్నాయి. తెల్లబొచ్చు జాడ లేదు.

"పొట్టలు చూడు ఎలా పెంచాయో. ఏం పెట్టి మేపుతున్నావు?"

"మీరిచ్చిందే. మీరు చెప్పినంతే."

"మాట్లాడకు. తూచు."

ఇరవై ఎనిమిదో బోను దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన పిలుస్తున్నారని పైనుంచి కబురొచ్చింది. పెద్దాయనంటే ఈ పరిశోధనకంతటికీ పైవాడు, డాక్టరమ్మకు దారి చూపే ప్రొఫెసరు. డాక్టరమ్మ పలక మీది కాగితాన్ని గింజలక్క చేతిలో కుక్కి, "మిగతావి తూచి రాయి. రాయడమైనా సరిగ్గా ఏడువు," అని వెళ్లిపోయింది.

మిగిలినవి ఎనిమిది బోన్లు. గింజలక్క ఇరవై తొమ్మిదో దాంట్లోంచి మగదాన్ని ఎత్తింది. ఎత్తగానే చెయ్యి తేలిపోయింది. మగ్గులో పెట్టింది. ఇరవై ఏడు. దాని వీపు ఎర్రలైటు కింద గులాబీరంగు పొడిలా మెరిసింది. ముప్పయ్యోది ఇరవై ఎనిమిదిన్నర. ముప్పై ఒకటి ఇరవై ఆరు. చివరి ముప్పై ఆరు దాకా ఎనిమిది బోన్లలోనూ అంతే. సన్నబడి, తెల్లబడి, ముడుచుకుని, చలికాలంలో ఉన్నాయి. ఒక్క గది, ఒక్క గడియారం, ఒక్కటే తిండి. ఇరవై ఎనిమిది బోన్లకు వేసవి, ఎనిమిదింటికి చలికాలం. ఆమె అంకెలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, రెండుసార్లు సరిచూసుకుంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ దిగి వచ్చి ఒక కాగితం చేతికిచ్చింది. కంప్యూటరులో కొట్టిన కాగితం. 'నేను నిర్లక్ష్యంగా చీకటి గదిలో దీపం వెలిగించినందువల్ల పరిశోధనకు నష్టం కలిగినదని ఒప్పుకుంటున్నాను.' కింద సంతకానికి గీత. గీత కింద తేదీ ముందే పడి ఉంది, గురువారానిది.

"గురువారం పదకొండింటికి సార్ గదికి సంతకం పెట్టి తీసుకురా. పెడితే ఆవరణ ఊడ్చే పనికి మారుస్తారు. జీవాల దగ్గరికి మాత్రం మళ్లీ రానివ్వరు. పెట్టకపోతే గేటు బయటికే. నా చేతుల్లో ఏం లేదు."

"తూచిన కాగితం చూశారా అమ్మా? చివరి ఎనిమిదీ తెల్లబడ్డాయి."

డాక్టరమ్మ బరువుల కాగితం తీసి చూసింది. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత విప్పేసుకుంది. "అంటే నీ లైటు ఆ మూలదాకా పోలేదన్నమాట."

"నేను బోను బోనుకూ తల పెట్టి గింజలు వేస్తాను. లైటు నా దగ్గర ఉంటే ఆ ఎనిమిదింటికి మాత్రం ఎలా తప్పుతుంది?"

"అదంతా ఎల్లుండి సార్‌కి చెప్పుకో," అని ఆ పిల్ల మెట్లెక్కేసింది.

మాటకు మాట అంటించి పంపాల్సింది. మెట్ల కింద నిలబడి గింజలక్క పళ్లు నూరుకుంది. మంచి మాటలన్నీ మనిషి వెళ్లిపోయాకే వస్తాయి.

ఇంట్లో కూడా కిటికీకి దుప్పటి కట్టే ఉంటుంది. మొగుడిది ఒక గోదాములో రాత్రి కాపలా, పగలు నిద్ర. ఆమె వచ్చేసరికి ఆయన లేచి, మంచం మీదే కూర్చుని, కాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నట్టు చూసుకుంటూ ఉంటాడు. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ ముప్పావుగంటే. ఆమె టీ గ్లాసు ఇచ్చి, కాగితం చదివి వినిపించింది.

"పెట్టేసెయ్యి సంతకం," అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

"చెయ్యని తప్పుకా?"

"చేశావో లేదో ఎవడికి కావాలే? ఊడ్చే పనైనా మిగులుతుంది. ఆవరణ ఊడిస్తే చేతులేమైనా అరిగిపోతాయా?"

"మీరు కాపలా కాసే గోదాములో దొంగలు పడి, మీరే తాళం తీశారంటే పెడతారా సంతకం?"

"అది వేరు."

"ఏం వేరు?"

"అక్కడ సామాను ఉంటుంది. నీ దగ్గర ఉన్నవి ఎలుకలు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కుని, సగం టీ ఉండగానే తొట్టిలో పోసేసింది. "నా చేతులతో ఎత్తితే కరవని జీవాలవి. మీ గోదాము మూటలకు మీరెవరో తెలుసా?" అంది. ఆయన చెప్పులు తొడుక్కుని, "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా? వాళ్లు పెద్దవాళ్లు, మనకెందుకే," అని గొణుక్కుంటూ డ్యూటీకి బయలుదేరాడు. తలుపు వేసుకున్నాక ఆమెకు ఏడుపొచ్చింది. ఊడ్చే పని అంటే ఆమెకు చిన్నతనం లేదు. కానీ సంతకం పెడితే ఈ చేతులు చెడ్డ చేతులని రాసిచ్చినట్టే. పదకొండేళ్లుగా ఆమెకున్నవి ఆ చేతులే, ఇంకేమీ కాదు.

బుధవారం గింజలక్క మామూలు కంటే ముందే వచ్చింది. లోపలి తలుపు వేసుకుని, తల మీది ఎర్రలైటు కూడా ఆపేసింది. గది మధ్యలో నిలబడి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగింది. తలుపు కింద రబ్బరు పట్టీ చూసింది, సందు లేదు. గాలి గొట్టం చూసింది, చుక్క వెలుతురు లేదు. గడియారపు పెట్టె మీది చిన్నదీపానికి తనే అంటించిన నల్లటేపులోంచి కూడా వెలుగు రావడం లేదు. చుట్టూ డెబ్బైరెండు జీవాలు పొట్టులో గీరుకుంటున్న చప్పుడు. చీకటి చీకటిగానే ఉంది.

అలాంటప్పుడు తప్పు తనదేనేమో, నిద్రమత్తులో ఏనాడైనా స్విచ్చి తగిలిందేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. పదిమంది నువ్వు దొంగవంటే మన జేబు మనమే తడుముకుంటాం. ఆమె ఆ ఆలోచనను కసిరి పక్కకు తోసేసింది.

లైటు వేసుకుని ఇరవై తొమ్మిదో బోను పక్కన నేల మీద కూర్చుంది. బోనుకు చెంప ఆనించి, ఆ జీవి ఎటు చూడగలదో అటు చూసింది. ఎదురుగా గౌన్లు, సీసాలు పెట్టుకునే ఇనుప బీరువా. అంతకు మించి ఏమీ కనిపించదు. మోకాళ్ల మీద జరుగుతూ ఇరవై ఎనిమిదో బోను దగ్గరికి వచ్చి మళ్లీ చెంప ఆనించింది. బీరువా పక్కకు తప్పుకుంది. దాని అంచు దాటి, ఎదురుగోడ మీద, పలకంత అద్దం కనిపించింది.

ఆ కిటికీని ఆమె మర్చిపోయింది. అందరూ మర్చిపోయారు. తనిఖీకి వచ్చే పెద్దమనుషులు వరండాలో నిలబడి లోపలికి చూడటానికి ఎప్పుడో పెట్టిన అద్దం అది. బయటివైపు నల్ల రెగ్జిన్ రెక్క కప్పి, కింద నొక్కుడుగుండీ బిగించి ఉంటుంది. తనిఖీవాళ్లు ఆ ఏడాది రానే లేదు. గింజలక్క ఇరవై ఏడు దగ్గర కూర్చుని చూసింది, ఇరవై దగ్గర చూసింది, పదకొండు దగ్గర చూసింది. ఇరవై ఎనిమిది బోన్లకూ ఆ అద్దం కనిపిస్తుంది. ఎనిమిదింటికి కనిపించదు.

ఆమె రెండు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి దాటి, వరండాలోకి వచ్చింది. రెక్క మూసే ఉంది. గుండీ బిగించే ఉంది. కానీ కింది కుడిమూల పైకి వంకర తిరిగి ఉంది, రోజూ తిప్పే పుస్తకం పేజీ మూలలా. ఆ మూల మీద రెగ్జిన్ మెరుపు పోయి, వేలి జిడ్డు అట్టకట్టింది. ఎదురుగా వరండా ట్యూబులైటు. ఆమె రెక్క మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వెయ్యాలంటే భయమేసింది, తన వేలిముద్ర పడితే అది కూడా తన నెత్తినే వేస్తారు.

ఎవరో ఎత్తుతున్నారు. ఎప్పుడో కాదు, రోజూ. తను లోపలున్నప్పుడు ఎత్తినా, కిటికీకి వీపు పెట్టి, కళ్ల ముందు ఎర్రలైటుతో బోనులోకి వంగి ఉండే తనకు తెలిసి ఉండదు. ఎవరు? కాపలావాడా, నీళ్ల పైపులవాడా, వేడుకకు ఎవరైనానా? ఆ వరండాలో నలభై మంది తిరుగుతారు. ఎవరో చెప్పలేకపోతే, రెక్క ఎత్తింది కూడా నువ్వేనంటారు. ఆ సాయంత్రం ఆమె కాగితం మీద సంతకం పెట్టలేదు, చింపెయ్యనూ లేదు. నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది.

గురువారం పెద్దాయన గదిలో కుర్చీలు నాలుగున్నాయి. గింజలక్కను ఎవరూ కూర్చోమనలేదు. పెద్దాయన బల్ల వెనక, డాక్టరమ్మ పక్కన, ఒక లావుపాటి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని.

"సంతకం పెట్టావా అమ్మా?" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు మెత్తన. మెత్తగానే గేటు బయటికి పంపగలడు.

"లేదు సార్. నేను లైటు వెయ్యలేదు. ఆ గోడకున్న కిటికీ రెక్క ఎవరో ఎత్తుతున్నారు. మూల వంకర తిరిగింది. కిటికీ కనబడని బోన్లు ఎనిమిది. ఆ ఎనిమిదే తెల్లబడ్డాయి."

"ఎవరు ఎత్తుతున్నారు?"

"తెలియదు సార్."

"చూశారా సార్?" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కిటికీ. మొన్న ఇంకోటి చెప్పింది, రేపు ఎలుకలే లైటు వేసుకున్నాయంటుంది. నేను ఆధారం లేకుండా మాట్లాడటం లేదు. మొదటి వారం నుంచీ ఈమె మీద ఒక కన్నేసే ఉంచాను. అంతా ఇందులో రాసుకున్నాను."

నోటుపుస్తకం తెరిచింది. తేదీలూ వేళలూ చీమల బారులా ఉన్నాయి. రాసుకున్న మనిషికి ఆ పుస్తకం అంటే గర్వం, అది ఆ వేళ్లలో తెలుస్తోంది.

"మూడో వారం, మంగళవారం, పదీ అయిదు. నీలం గౌను. చేతిలో పసుపు డబ్బా. లైటు వెయ్యలేదు. నాలుగో వారం, బుధవారం, పదింటికి. ఆకుపచ్చ గౌను. బోను దగ్గర కూర్చుని ఎలుకతో మాట్లాడుతోంది. లైటు వెయ్యలేదు. ఆరో వారం, సోమవారం, పదీ పది. నీలం గౌను..." ఆగి, పెద్దాయన వైపు చూసింది. "అంటే నేను చూసే టైము ఈమెకు తెలిసిపోయింది సార్. అప్పుడు బుద్ధిగా ఉండి, నేను చూడనప్పుడు వేసింది."

చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే. గింజలక్క ఆ న్యాయానికి నోరు తెరవబోయి ఆగిపోయింది. వేరే మాట ఏదో చెవిలో ముల్లులా దిగబడింది.

"అమ్మా, ఆ మొదటిది ఇంకోసారి చదవండి."

"ఎందుకు?"

"చదవండమ్మా. ఏ గౌను అన్నారు?"

"నీలం గౌను. చేతిలో పసుపు డబ్బా. ఏం, కాదా?"

"అవును, ఆ రోజు నీలమే. డబ్బా కూడా పసుపుదే," అంది గింజలక్క. "నాకే లోపల నీలం నల్లగా కనబడుతుంది, పసుపు తెల్లగా కనబడుతుంది. మీకు నీలం ఎలా కనిపించింది?"

డాక్టరమ్మ నోటుపుస్తకంలోకి చూసుకుంది, తన అక్షరాలు తననే ఎదురు తిరిగి చూస్తున్నట్టు. దొంగకు తేలు కుట్టినట్టయింది పాపం, ఆ పిల్ల దొంగ కూడా కాదు.

ముందుగా అర్థమయింది పెద్దాయనకు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎక్కణ్నుంచి చూసేదానివి?"

"వరండాలోంచి సార్... కిటికీలోంచి."

"రెక్క ఎత్తి?"

"ఒక్క నిమిషం కూడా ఉండదు సార్. అద్దానికి మొహం ఆనించి చూసేదాన్ని. నా తల అడ్డమే ఉంటుంది కదా."

"రోజూనా?"

"వారానికి అయిదు రోజులు."

"పదింటికే ఎందుకు?"

"ఈమె గింజలు వేసే టైము అది సార్."

రాత్రి రెండింటికి ఆరే దీపం, సాయంత్రం ఆరుకు వెలిగే దీపం, వాటికి సరిగ్గా నడిమధ్యన పొద్దున్న పది గంటలు. ఆ లెక్క ముగ్గురికీ వచ్చు. కంచే చేను మేసిందని గింజలక్క అనాలనుకుంటే అనొచ్చు, అనలేదు. జాలిపడి కాదు. డాక్టరమ్మ మొహం తెల్లబడటం తీరిగ్గా చూడాలనిపించింది, అందుకు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సరే. ఇది పెద్దది చెయ్యొద్దు. సాంకేతిక లోపం అనుకుందాం. మళ్లీ కొత్త జంటలతో మొదలుపెట్టాలి. పద్నాలుగు వారాలు." ఆ చివరి మాట డాక్టరమ్మతో. తర్వాత గింజలక్క వైపు చూడకుండానే, "నువ్వెళ్లమ్మా. పని చూసుకో. ఆ కాగితం అవసరం లేదు," అన్నాడు.

తప్పు మాదనీ, నిన్ను అనవసరంగా అన్నామనీ ఎవరూ అనలేదు. అంటారేమోనని ఆమె నాలుగు క్షణాలు నిలబడింది కూడా.

"గది రిజిస్టర్లో కారణం రాయాలి సార్," అంది చివరికి. "ఆ గడి నేనే నింపుతాను, ఎప్పుడూ."

"చెప్పాను కదా. సాంకేతిక లోపం అని రాయి."

గింజలక్క కిందికి దిగి వచ్చింది. రిజిస్టరు తెరిచింది. సాంకేతిక లోపం అనే మాట ఆమెకు రాయడం వచ్చు, గడియారపు పెట్టె పాడైనప్పుడు రెండుసార్లు రాసింది కూడా. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది. 'రోజూ పదింటికి కిటికీ రెక్క ఎత్తారు. నేను లైటు వేస్తానేమో చూడటానికి.' కింద సంతకం పెట్టింది. ఆ వారంలో ఆమె పెట్టిన సంతకం అదొక్కటే.

శుక్రవారం పొద్దున్నే వడ్రంగి వచ్చి కిటికీకి చెక్క కొట్టేసి పోయాడు. డాక్టరమ్మ ఇకనుంచి చూసుకోవాల్సిందేదైనా లోపలే ఉండి చూసుకోవాలని పెద్దాయన పైనుంచి కాగితం పంపాడు. తొమ్మిదిన్నరకు ఆ పిల్ల బయటి తలుపు తోసుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గింజలక్క గౌను తొడుక్కుంటోంది.

"నాకో లైటు ఇవ్వండి," అంది. 'మీరు' తిరిగొచ్చింది, కానీ వెనకటి 'అక్కా' రాలేదు.

గింజలక్క రెండో ఎర్రలైటు కొక్కెం మీంచి తీసి ఇచ్చింది. లోపలి తలుపు గడియ మీద చెయ్యి వేసిన డాక్టరమ్మను, "ఆగండి," అని ఆపేసింది. "పది నిమిషాలు ఇక్కడ నిలబడాలి. కళ్లు అలవాటు పడకుండా లోపలికి వెళ్తే బోన్లు తన్నేస్తారు."

"నాకు తెలుసు. ఆ రూలు పెట్టింది నేనే."

"పెట్టారు. ఎప్పుడూ నిలబడలేదు."

రెండు తలుపుల మధ్య, ఇద్దరు మనుషులకు సరిగ్గా సరిపోని ఆ సందులో, ఎర్రబల్బు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా జాగ్రత్తపడ్డారు. డాక్టరమ్మ గోడ చూసింది. గింజలక్క తలుపు చూసింది. పది నిమిషాలు ఎంత పొడుగో ఆ పిల్లకు తెలియాలని గింజలక్కకు గట్టిగా అనిపించింది.

ఏడో నిమిషంలో కాబోలు, డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఒప్పుకోలు కాగితం మీ దగ్గరే ఉందా? నాకు తిరిగి ఇచ్చెయ్యండి. అది బయట ఎవరి కంటా పడకూడదు."

"ఉంది. ఇస్తాను, రండి."

లోపలికి వెళ్లారు. గింజలక్క ముందు, ఆమె వెనక తడబడుతూ డాక్టరమ్మ. పదకొండో బోను ముందు గింజలక్క కూర్చుని, మూత ఎత్తి, ఎర్రలైటు వంచింది. పిల్లల ఒళ్ల మీద నూగు రావడం మొదలైంది. తల్లి వాటి మీద గొడుగులా పడుకుని ఉంది. చుట్టూ గూడు కొత్తగా, ఒత్తుగా, ఎత్తుగా ఉంది. సన్నటి కాగితం పీలికలు, వాటి మీద అక్కడక్కడా కంప్యూటరు అక్షరాలు. ఒక పీలిక మీద 'నిర్లక్ష్యంగా' అన్నంత మటుకు మిగిలింది. తల్లి దాన్ని కూడా పళ్లతో లాక్కుని, మధ్యకు చీల్చి, పిల్లల కిందికి తోసుకుంది.

"తీసుకోండి," అంది గింజలక్క. "మెల్లగా చెయ్యి పెట్టండి. మిమ్మల్ని ఎరగదు, కరుస్తుంది."

డాక్టరమ్మ చెయ్యి పెట్టలేదు.